సూది దిగిన చోటు

పోయిన ఆగస్టులో, అరకు నుంచి పాడేరు వెళ్ళే దారికి కొంచెం ఎడంగా, ఒక కాఫీ తోట అంచున మేము మా కొత్త టెంటు వేసుకున్నాం. రాత్రి పదిన్నరకు ముసురు పట్టింది. ఉరుములూ గాలీ లేకుండా, ఏజెన్సీలో ఆ నెలలో గంటల తరబడి ఒకే తీరున కురిసే సన్నటి వాన అది. టెంటు సంచీ మీద ‘వాటర్‌ప్రూఫ్, 2000 మిల్లీమీటర్లు’ అని అచ్చువేసి ఉంది కనుక నిశ్చింతగా పడుకున్నాం. రెండు గంటల వేళ మా అమ్మాయి లేచి కూర్చుని, “నాన్నా, నా దిండు తడిసింది” అంది.

టార్చి వేసి చూశాను. మా టెంటులో లోపలి గది పైభాగం దోమతెర బట్ట. దాని గుండా, వాన కోసం పైన కప్పే రెయిన్‌ఫ్లై అడుగుభాగం కనిపిస్తుంది. ఆ బట్ట మధ్యలో ఎక్కడా ఒక్క చుక్క లేదు. తడి అంతా రెండు బట్టలు కలిసిన కుట్టు వెంటే ఉంది. ఒక్కొక్క కుట్టు దగ్గర ఆవగింజంత నీటిబొట్టు నిలిచి ఉంది. మొదట అవి కదలడం లేదనిపించింది. కాసేపు చూస్తే పై బొట్టు కింది బొట్టును తాకి, రెండూ ఒకటై, దారిలో మరికొన్నిటిని కలుపుకుంటూ దారం వెంట వాలుకు జారి, కుట్టు మలుపు తిరిగిన చోట ఆగి, శనగగింజంత లావయ్యాక కింద పడుతున్నాయి. ఆ మలుపు సరిగ్గా మా అమ్మాయి దిండు మీద ఉంది. ఆ చోట కింద స్టీలు గిన్నె పెట్టి, పిల్లను మా మధ్యకు జరుపుకుని, తెల్లారేదాకా గిన్నెలో పడే చుక్కల చప్పుడు వింటూ కూర్చున్నాను.

ఆ రాత్రి చూసినదాన్ని బట్టి, ఆ తర్వాత ఈ పని మీద గడిపిన నెలలను బట్టి నాకు కుదిరిన అభిప్రాయం ఒకటి ఉంది. కొత్త టెంటు కొన్నవాళ్ళు మొదటి ప్రయాణానికి ముందే, ఇంటి దగ్గర దాన్ని వేసి, నీళ్ళు కొట్టి చూసి, కారే కుట్లకు తమ చేతులతో సీలెంట్, అంటే బెజ్జాలను పూడ్చే జిగురులాంటి పూత, పట్టించుకోవాలి. కారిన తర్వాత చేసే మరమ్మతుగా కాకుండా, కొన్న వస్తువును పూర్తి చేసుకునే పనిగా దీన్ని చూడాలి. కొత్త మట్టికుండను నీళ్ళలో నానబెట్టకుండా పొయ్యి మీద పెట్టం. కొత్త ఇనుప పెనానికి నూనె పట్టించకుండా దోసె పొయ్యం. టెంటు విషయంలో మాత్రం సంచీ విప్పి, నేరుగా పిల్లల్ని లోపల పడుకోబెడుతున్నాం.

ఈ మాట మా ఆఫీసులో చెప్పినప్పుడు ఒక మిత్రుడు గట్టిగానే అభ్యంతరం చెప్పాడు. “డబ్బులు పోసి కొన్నదాన్ని మళ్ళీ మనమే బాగుచేసుకోవడం ఏమిటండీ? కారితే వెనక్కి పంపేయాలి. ఇలా సర్దుకుపోతూ ఉంటే వాళ్ళెప్పటికీ సరిగ్గా తయారుచేయరు.” ఆ మాటలో న్యాయం ఉంది, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. కానీ ముందుగా, వాళ్ళు అచ్చువేసిన ఆ 2000 దేని గురించి చెబుతోందో తెలియాలి.

ఆ అంకె బట్టది. ఒక బట్ట ముక్కను బిగించి పట్టి, దాని మీద నీటి ఒత్తిడిని క్రమంగా పెంచుకుంటూ పోతారు. బట్టకు అవతలి వైపు మూడు చోట్ల నీరు కనిపించేసరికి ఒత్తిడి ఎంత ఉందో, అది ఎంత ఎత్తు నీటి నిలువుకు సమానమో మిల్లీమీటర్లలో రాస్తారు. 2000 అంటే, రెండు మీటర్ల ఎత్తు నీళ్ళు మీద నిలిచినంత ఒత్తిడిని ఆ బట్ట తట్టుకుందని అర్థం. మామూలు వాన చినుకులకు అది సరిపోతుంది. నేల మీద పరిచే అడుగుబట్ట సంగతి వేరు. తడి నేల మీద మోకాలు ఆనించి బరువు మోపితే ఒత్తిడి చాలా ఎక్కువ కాబట్టి దానికి ఇంకా పెద్ద అంకె కావాలి. ఆ పరీక్షకు పెట్టిన ముక్కలో కుట్టు లేకపోతే, సంచీ మీది అంకె కుట్టు గురించి ఏమీ చెప్పదు. అంటే ఆ సంచీ మీద అబద్ధమేమీ లేదు. సగం నిజం ఉంది. మా టెంటు బట్ట నిజంగానే వాటర్‌ప్రూఫ్. దాన్ని టెంటుగా కుట్టడానికి దాంట్లో సూది దించారు.

ఆ సూది ఎన్నిసార్లు దిగిందో స్కేలు పెట్టి లెక్కించాను. సెంటీమీటరుకు మూడు కుట్లు. మా రెయిన్‌ఫ్లైకి సుమారు రెండున్నర మీటర్ల పొడవైన ప్రధాన కుట్లు నాలుగు ఉన్నాయి. ప్రతిదానికీ రెండు వరసల దారం ఉంది. ఒక వరసకు 750, జంటకు 1500, నాలుగింటికీ కలిపి 6000 బెజ్జాలు. అంచులకు, జిప్పుకు, తాళ్ళు కట్టే కొక్కేలకు వేసిన కుట్లు ఈ లెక్కలో లేవు.

మా వీధిలో ముప్ఫై ఏళ్ళుగా మిషను కుడుతున్న టైలరు గారికి ఆ బట్ట చూపించాను. ఆయన అంచును రెండు వేళ్ళ మధ్య పట్టి లాగి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూసి, “నూలు బట్టయితే సూది దిగిన చోటు ఉతుకులో కాస్త కలిసిపోతుందండీ. ఈ బట్టకు ఆ గుణం లేదు. ఒకసారి సూది దిగితే ఆ బెజ్జం అట్లాగే ఉంటుంది. అందుకే రెయిన్‌కోటు కుట్టేటప్పుడు గుండుసూది గుచ్చనివ్వం, క్లిప్పులు పెడతాం” అన్నారు. ఈ విషయం మొత్తంలో నాకు బాగా ఉపయోగపడిన మాట అదే. పాత కాలపు మందపాటి కాన్వాస్ గుడారాలకు సీలెంట్ అవసరం పడకపోవడానికి కారణం కూడా అందులోనే ఉంది. నూలు తడిస్తే ఉబ్బుతుంది. దారమూ ఉబ్బి, చుట్టూ బట్టా ఉబ్బి, బెజ్జాన్ని మూసేస్తాయి. కాన్వాస్ గుడారం కొన్నవాళ్ళు ఇప్పటికీ మొదట దాన్ని వేసి, బాగా తడిపి, నిలబెట్టే ఆరబెడతారు. ఒకటి రెండుసార్లు అలా చేస్తే కుట్లు బిగుస్తాయి. పాలియెస్టరు, నైలాను నీటికి అట్లా ఉబ్బి కమ్ముకోవు. తేలిక కోసం, మడిస్తే చిన్న సంచీలో ఇమడడం కోసం మనం ఆ బట్టలకు మారాం. నూలు తనంతట తాను చేసుకునే పనిని ఇప్పుడు ఎవరో ఒకరు చేయాలి.

బెజ్జం ఒక్కటే ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. అంత సన్నని బెజ్జంలోంచి నీరు దానంతటది తేలిగ్గా దిగదు. అందులో దారం ఉండడం వల్ల దిగుతుంది. ప్రమిదలో ఒత్తి నూనెను పైకి పీల్చుకున్నట్టే, కుట్టుదారం బయట తగిలిన నీటిని పోగుల మధ్యకు లాక్కుని లోపలికి తెస్తుంది. జోరువాన అరగంట కురిసి వెలిసినప్పుడు కారని టెంటు, ముసురు ఐదారు గంటలు పట్టినప్పుడు ఎందుకు కారుతుందో నాకు దీనితోనే అర్థమైంది. ఒత్తి నానడానికి సమయం కావాలి. చెట్ల కింద టెంటు వేస్తే వాన ఆగాక కూడా ఆకుల నుంచి చుక్కలు రాలుతూనే ఉంటాయి కాబట్టి దారం ఆరదు. వర్షాకాలంలో మన కొండల మీద పడే వాన సరిగ్గా దారాన్ని నానబెట్టే వాన.

కుట్టుకూ నీటికీ ఉన్న ఈ తగవు పాతది. 1823లో స్కాట్లండుకు చెందిన చార్లెస్ మెకింటోష్, నాఫ్తాలో కరిగించిన రబ్బరును రెండు బట్టల మధ్య పొరగా పెట్టి వానకు తడవని బట్టను తయారుచేసి పేటెంటు పొందాడు. బట్ట బాగానే ఉంది. దర్జీలు దానితో కోట్లు కుట్టగానే సూది పడిన చోటల్లా వాన లోపలికి వచ్చింది. మన కోరమాండల్ తీరంలో అంతకన్నా చాలా ముందు నుంచే ఇదే చిక్కుతో బతికిన పడవ ఉంది. మసులా పడవకు మేకులు ఉండవు. పలకలకు బెజ్జాలు వేసి, కొబ్బరి తాడుతో ఒకదానికొకటి కుట్టేవారు. అలల దెబ్బకు పగలకుండా వంగేది కాబట్టి ఈ తీరానికి అదే సరిపోయింది. కానీ కుట్టు ఉన్నచోట నీరు ఉంటుంది కనుక ఆ కుట్ల వెంట పీచూ గడ్డీ కూరి, దాని మీదుగా తాడు బిగించేవారు. కూరిన పీచు తడిసి ఉబ్బి సందు మూసేది. అయినా కొంత నీరు వస్తూనే ఉండేది, తోడి పోసుకుంటూనే ఉండేవారు. పడవ కట్టడం ఎంత పనో, కుట్టు కూరడమూ అంత పనేనని వాళ్ళకు తెలుసు. ఆ తీరంలోనే విశాఖపట్నంలో ఉంటూ నేను సంచీ మీద అంకెను నమ్మి బయలుదేరాను.

ఇప్పుడు మిత్రుడి అభ్యంతరం దగ్గరికి వస్తాను. తయారీదారులు కుట్టు సంగతి వదిలేశారని అనడం పూర్తిగా సరికాదు. చాలా టెంట్లకు కుట్టు అడుగున వేడితో అంటించిన సన్నని పారదర్శకమైన టేపు ఉంటుంది. రెయిన్‌ఫ్లైని తిరగేసి కుట్టు మీద వేలు పెట్టి నడిపితే నున్నగా, పట్టీలాగా తగులుతుంది. అది ఉన్నచోట మీరు ఏమీ పూయనక్కరలేదు, పూయకూడదు కూడా. మరి కొన్ని టెంట్లకు టేపు ఉండదు. ధర తగ్గించడానికి కొందరు వేయరు. రెండు వైపులా సిలికోన్ పట్టించిన నైలాను బట్టకైతే ఆ టేపు అంటుకోదు కాబట్టి వేయలేరు. ఖరీదైన, తేలికపాటి టెంట్లలో కూడా అందుకే కుట్టు పని కొన్నవాళ్ళకు వదిలేయడం ఉంది. మా టెంటుకు అడుగుబట్ట కుట్లకు టేపు ఉంది, పై పొరకు లేదు. వెనక్కి పంపి ఇంకొకటి తెప్పించినా ఆ రకంలో అదీ అలాగే కుట్టి ఉంటుంది. సూది దిగకుండా కుట్టిన టెంటు నాకు దొరకదు. కాబట్టి తిరిగి పంపడం హక్కే అయినా, దానితో నా పిల్ల దిండు పొడిగా ఉండదు.

అయితే ఒక విషయంలో మిత్రుడితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కుట్లకు టేపు వేశారా లేదా, వేయకపోతే ఏ రకం సీలెంట్ పట్టించాలి అనే రెండు మాటలు సంచీ మీద బట్ట అంకె పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. మా టెంటు కాగితంలో పుల్లలు ఎలా దూర్చాలో ఎనిమిది బొమ్మలు ఉన్నాయి. కుట్టు గురించి ఒక్క వాక్యం లేదు. ఇంట్లో చిన్నపిల్లలున్న మనిషి ఆ వాక్యం లేనందువల్ల రాత్రంతా మెలకువగా కూర్చోవలసి రావడం సరికాదు. అడిగేవాళ్ళు పెరిగితే రాస్తారని నా నమ్మకం. కొనేముందు ఆ ప్రశ్న అడగమని నాకు తెలిసిన ప్రతివాళ్ళకూ చెబుతున్నాను.

ఇక పని. ముందు పరీక్ష చేయాలి. ఇందులో నాకు దారి చూపించింది గోదావరి జిల్లాలో వ్యవసాయం చేసే మా బాబాయి. కోతల తర్వాత కళ్ళంలో ధాన్యం రాశుల మీద బరకాలు కప్పి అకాల వానల నుంచి కాపాడుకోవడం ఆయనకు ఏటా ఉన్న పని. “బరకం కొనగానే తీసుకెళ్ళి కప్పకూడదురా. మధ్యాహ్నం పూట ఎత్తి పట్టుకుని, కింద నిలబడి సూర్యుడికేసి చూడు. చుక్కలు కనపడిన చోట నీళ్ళు దిగుతాయి” అన్నాడు. నేను మేడ మీద టెంటు వేసి, ఎండ నడినెత్తికి వచ్చాక లోపలికి వెళ్ళి పడుకుని చూశాను. కుట్టు పొడవునా సూదిమొనంత వెలుగు చుక్కలు వరసగా కనబడ్డాయి. కుట్టు సాగిన చోట అవి పెద్దవిగా, పుల్ల వంపు దగ్గర మరీ స్పష్టంగా ఉన్నాయి. మా అమ్మాయి దిండు మీద చుక్కలు రాలిన ఆ మలుపు దగ్గర ఐదారు చుక్కలు దాదాపు కలిసిపోయి ఉన్నాయి. ఆ తర్వాత లోపల పాత దినపత్రికలు పరిచి, బయట నుంచి పైపుతో, వాన పడినట్టు పైకి ఎగజిమ్మి ఇరవై నిమిషాలు నీళ్ళు కొట్టాను. కాగితం మీద తడి మచ్చలు పడిన చోటులన్నీ చాక్‌పీసుతో గుర్తుపెట్టుకున్నాను. నేరుగా బలంగా కొట్టకూడదు, అది వాన తీరు కాదు.

సీలెంట్ ఎంపికలో నేను ఒక తప్పు చేశాను, అది చెప్పాలి. హార్డ్‌వేర్ షాపులో బాత్‌రూమ్ పలకల సందులకు వాడే సిలికోన్ గొట్టం చవకగా దొరికితే అదే తెచ్చి పూశాను. ఆరాక చక్కగా కనిపించింది. వారానికి మడత విప్పితే అట్టకట్టిన గంజి ఊడినట్టు పట్టీలు పట్టీలుగా లేచి వచ్చింది. మా బట్టకు లోపలి వైపు పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూత ఉంది. దాని మీద సిలికోన్ నిలవదు. సిలికోన్ బట్ట మీద పాలీయురెథేన్ సీలెంట్ కూడా అలాగే నిలవదు. ఏ బట్టకు ఆ జాతి సీలెంటే పట్టాలి. తెలియనప్పుడు రెండిటినీ అంచు మడతలో బఠాణీగింజంత పూసి, ఆరాక గోటితో గీకి చూస్తే తేలిపోతుంది. ఆ సిలికోన్ అంతా గీకి తీయడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. అది పూర్తిగా పోకపోతే దాని మీద ఇంకేదీ అంటదు. వేగంగా అతుక్కునే జిగుర్లు ఇంకా ప్రమాదం. అవి గాజులా గట్టిపడతాయి, మడత పెట్టగానే పగిలి బట్టను కూడా కోస్తాయి. నీటిని తోసే స్ప్రేలు కొడితే సరిపోతుందని కొందరంటారు. ఆ స్ప్రే బట్ట మీద నీరు ముత్యాల్లా జారేట్టు చేస్తుంది, అది మంచిదే, కానీ బెజ్జాన్ని పూడ్చదు.

టెంటును వదులుగా పరిచి పూయవద్దు. లాగి కట్టి నిలబెట్టినప్పుడే కుట్ల బెజ్జాలు నోరు తెరుస్తాయి, సీలెంట్ లోపలికి దిగుతుంది. నేను రెయిన్‌ఫ్లైని తిరగేసి, పూత ఉన్న లోపలి వైపు పైకి వచ్చేలా పుల్లల మీద వేసి బిగించాను. లోపలి వైపే ఎందుకంటే, పూతకూ సీలెంట్‌కూ పట్టు అక్కడ బాగుంటుంది, ఎండ దాని మీద పడదు, మట్టి అంటుకోదు. సిలికోన్ నైలాను టెంట్లకు చాలామంది బయటి వైపే పూస్తారు, ఆ బట్టకు అదీ సరైనదే. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తని గుడ్డతో కుట్టు వెంట ఒకసారి తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాను. సూది తీసేసిన సిరంజిలోకి సీలెంట్ తీసుకుని, ఒక అడుగు దూరం సన్నని గీతలా వదిలి, చిన్న గట్టి బ్రష్‌తో కుట్టు మీద అటూ ఇటూ రుద్దాను. దారం తెలుపు పోయి, తడిసినట్టు ముదురు రంగులోకి తిరిగితే లోపలికి పట్టినట్టు. పైన దట్టంగా పేరుకుంటే బలం అనుకోవడం పొరపాటు. దట్టమైన పట్టీ మడతలో పగులుతుంది, పలచటి పూత బట్టతో పాటు వంగుతుంది. సిలికోన్ రకమైతే పెయింటు షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ కలిపి తేనె చిక్కదనానికి తెచ్చుకుని పూస్తే దారంలోకి బాగా ఇంకుతుంది. గాలి ఆడే చోట, చేతులకు గ్లౌజులు వేసుకుని చేయాలి. ఇంట్లో తలుపులు మూసుకుని చేసే పని కాదు.

పొడవైన కుట్లు అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి చిన్నవి. తాళ్ళు కట్టే కొక్కేల దగ్గర బట్ట మీద అదనపు ముక్క వేసి నాలుగైదు సార్లు కుడతారు, గాలికి ఆ తాళ్ళే లాగుతాయి కాబట్టి అక్కడి బెజ్జాలు రోజురోజుకీ సాగుతాయి. రెయిన్‌ఫ్లైని పుల్లలకు కట్టడానికి లోపల వేసిన వెల్క్రో పట్టీల కుట్టు బయటిదాకా వస్తుంది. కొన్ని టెంట్ల మీద కంపెనీ గుర్తును కుట్టి పెడతారు. అది సరిగ్గా నిద్రపోయేవాళ్ళ తల మీద ఉంటుంది. మూడు నాలుగు కుట్లు కలిసే మూలలు అన్నిటికన్నా చెడ్డవి, ఎందుకంటే అక్కడ మిషను సూది మందపాటి మడతల మీద దిగి పెద్ద బెజ్జం చేస్తుంది. అక్కడ మాత్రం రెండోసారి పూశాను.

ఆరడానికి పట్టే సమయం విషయంలో మన తీరం గురించి ఒక మాట చెప్పాలి. గాలిలో ఉక్క ఉన్న రోజు ఈ పని పెట్టుకోకూడదని అందరూ అంటారు. కానీ గొట్టంలో వచ్చే పాలీయురెథేన్, సిలికోన్ సీలెంట్లు గాలిలో తేమను తీసుకునే గట్టిపడతాయి, అందువల్ల విశాఖ ఉక్క వాటికి అడ్డం కాదు. తడి ఉండకూడనిది బట్టలో. నీళ్ళ ఆధారంతో చేసిన సీలెంట్లు మాత్రం ఉక్కలో చాలా నెమ్మదిగా ఆరతాయి. నేను సాయంత్రం పూసి, రాత్రంతా నీడపట్టున వదిలేసి, మర్నాడు మధ్యాహ్నం వేలితో తాకి చూశాను. అంటుకోకుండా ఉన్నా కొంచెం జిగటగా అనిపించింది. ముఖానికి రాసుకునే పౌడరు ఆ గీతల మీద చల్లి, పొడి గుడ్డతో దులిపాను. ఇది చేయకుండా మడిస్తే పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. విప్పేటప్పుడు పూత కూడా ఊడి వస్తుంది.

ఈ పనంతా చేశాక కూడా లోపల తడి కనిపించవచ్చు. అది వాన కాకపోవచ్చు. నవంబరు, డిసెంబరు నెలల్లో లంబసింగి, వంజంగి వైపు మేఘాలు చూడడానికి వెళ్ళి టెంట్లలో పడుకునేవాళ్ళు తెల్లవారేసరికి లోపలి వైపు తడి చూసి టెంటు కారిందని తిట్టుకుంటారు. వాన పడని రాత్రి కారడం ఏమిటి? నలుగురు మనుషుల ఊపిరిలో వచ్చిన తేమ, చల్లబడిన బట్టకు తగిలి మంచులా పట్టింది. గుర్తుపట్టడం కష్టం కాదు. ఊపిరి తేమ బట్టంతా సమంగా, సన్నని పొరగా పడుతుంది. కుట్టు కారుడు కుట్టు వెంటే వరసగా ఉండి, ఒక్క చోట నుంచి రాలుతుంది. మొదటిదానికి మందు సీలెంట్ కాదు, గాలి కిటికీలు తెరిచి ఉంచడం. ఈ తేడా తెలియక, అవసరం లేని చోట రెండు మూడు పూతలు పూసి బరువు పెంచుకున్నవాళ్ళను చూశాను.

పై నుంచి ఒక బరకం కట్టేస్తే ఈ శ్రమ అంతా ఎందుకు అని బాబాయి అడిగాడు. నిజమే, వాలుగా కట్టిన బరకం కింద కుట్టు ఎంత చెడ్డదైనా కారదు. కారులో వెళ్ళి రోడ్డు పక్కనే దిగేవాళ్ళకు నేనూ అదే చెబుతాను. భుజాన వేసుకుని నడిచేవాళ్ళకు ఆ బరువు ఎక్కువ. పైగా మందపాటి బరకం టెంటుకు దగ్గరగా కట్టితే గాలి ఆడక, ఇప్పుడు చెప్పిన ఊపిరి తేమ రెట్టింపవుతుంది. బరకమైనా టెంటైనా వాలు ముఖ్యం. పెంకుటింటి కప్పుకు పెంకుల మధ్య ఏ జిగురూ ఉండదు. పై పెంకు కింది పెంకు మీదికి ఎక్కి ఉండడం, వాలు నిలువుగా ఉండడం, ఈ రెండిటితోనే అది వానను బయట ఉంచుతుంది. టెంటు పై పొర వదులై మధ్యలో గుంట పడితే అక్కడ చేరిన నీరు కుట్టు మీద నిలబడుతుంది. నైలాను తడిస్తే సాగుతుంది కాబట్టి వాన మొదలైన అరగంటకు బయటికి వెళ్ళి తాళ్ళు మరోసారి లాగి కట్టడం మంచిది. టెంటు కింద పరిచే అదనపు పట్టా అంచులు బయటికి రాకుండా లోపలికి మడవడం కూడా మరిచిపోవద్దు. బయటికి వచ్చిన అంచు పై నుంచి జారిన నీళ్ళను పట్టుకుని నేరుగా మన వీపు కిందికి తెస్తుంది.

పూసిన సీలెంట్ శాశ్వతం కాదు. ఎండ, మడతలు దాన్ని తింటాయి. తడిగా మడిచి అటక మీద పడేస్తే బట్ట మీది పాలీయురెథేన్ పూతే చితికి, బంకబంకగా అయి, పుల్లటి వాసన వేస్తుంది. ఆ తర్వాత ఏ సీలెంట్ పట్టించినా ప్రయోజనం లేదు. తీరంలో ఉండేవాళ్ళకు ఈ ముప్పు ఎక్కువ. ప్రతి ప్రయాణం తర్వాత మేడ మీద వేసి, కుట్టు మడతల్లో చెమ్మ కూడా పోయేదాకా ఆరబెట్టి, బిగుతుగా చుట్టకుండా పెద్ద నూలు సంచీలో వదులుగా ఉంచుతున్నాం.

మొన్న జూన్ చివర్లో అదే కాఫీ తోట అంచున, అదే చోట మళ్ళీ టెంటు వేశాం. ఈసారి ముసురు తొమ్మిదింటికే మొదలై తెల్లవారుజామున నాలుగు దాకా పట్టింది. ఒంటి గంటకు, మూడింటికి లేచి టార్చి వేసి, పై కుట్టు మొత్తం చివరి నుంచి చివరిదాకా చూశాను. దారం ముదురు రంగులో, నున్నగా, పొడిగా ఉంది. బయట నీళ్ళు జారిపోతున్న నీడలు బట్ట మీద కనిపిస్తున్నాయి. పోయినసారి చుక్కలు రాలిన ఆ మలుపు మీద వేలు పెట్టి చూశాను, వేలికి చల్లదనం తగిలింది, తడి తగలలేదు. మా అమ్మాయి ఆ మలుపు కిందే పడుకుంటానని పట్టుబట్టి పడుకుంది.

తలుపు జిప్పు కింది మూలలో మాత్రం, కుట్టు జిప్పు పట్టీలోకి దిగే చోట, అరచేతి వెడల్పున చెమ్మ చేరింది. జిప్పు పళ్ళకు అంటుతుందని భయపడి అక్కడ సీలెంట్ సగంలో ఆపేశాను. పళ్ళకు కాగితం పట్టీ అడ్డం అంటించి, సన్నని బ్రష్‌తో మిగిలిన రెండు అంగుళాలు పూయాలి. వాడగా మిగిలిన గొట్టం గాలి తేమకు గట్టిపడిపోకుండా మూత బిగించి, పాలిథీన్ సంచీలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాను. ఆదివారం వాన తెరిపిస్తే పొద్దున్నే తీసి బయట పెడతాను, మామూలు వేడికి రావడానికి దానికి రెండు గంటలు పడుతుంది.